కొసరు దండ

ఒక చామంతి దండ ఎంత బరువుంటుంది? నీళ్ళు చల్లి తడిగుడ్డలో చుట్టి ఇచ్చినా ఏమంత ఉండదు. ఒంటి చేత్తో పట్టుకోవచ్చు. నేను దాన్ని డిగ్రీ రెండో ఏడు నుంచి మోస్తున్నాను. ఇప్పుడు నాకు నలభై ఆరు నిండాయి. ఎక్కడ దించాలో తెలియక మోస్తున్నానని రాయబోయాను. అది కూడా అబద్ధమే. ఎక్కడ దించాలో బాగా తెలుసు. రెండు ఇళ్ళున్నాయి. ఒక ఇంటికి ఇన్నేళ్ళుగా వెళుతూనే ఉన్నాను, నోరు విప్పలేదు. రెండో ఇంటి గడప ఇంతవరకు తొక్కలేదు.

నేను నోరు విప్పలేదంటే మా వాళ్ళు నవ్వుతారు. మా అపార్ట్‌మెంటు మీటింగుల్లో, కాలేజీ స్టాఫ్‌రూములో, అత్తగారి వైపు పెళ్ళిళ్ళలో నా నోటికి మంచి పేరుంది. దాంతో పెట్టుకోకండి అంటారు. విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. పిల్లలు చాటుగా నన్ను అబ్జెక్షన్ మేడమ్ అంటారని తెలుసు. విని ఊరుకుంటాను, ఎందుకంటే లోపల కాస్త గర్వంగానే ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే మధ్యలో ఏదో ఒకటి అంటారు, నేను దానికి జవాబు చెబుతాను, ఆ జవాబులో అసలు సంగతి కొట్టుకుపోతుంది. చాలా సంగతులు అలాగే కొట్టుకుపోయాయి. మీరు మధ్యలో ఏమీ అనలేరు. స్థిమితంగా కూర్చుని వినండి. నేను మాత్రం కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్ళొచ్చాను, పాలు పొంగిపోతున్నాయేమోనని. పొయ్యి మీద పాలు లేవు.

మాది ఉయ్యూరు దగ్గర చిన్న ఆడపిల్లల కాలేజీ. పేరెందుకు. చెరుకు తోటల మధ్య రెండు వరసల గదులు, వెనక ఒక హాస్టలు, ముందు ఒక రేకుల హాలు. విద్యార్థినులు తక్కువ, కమిటీలు ఎక్కువ. మంచినీళ్ళకో కమిటీ, లైబ్రరీకో కమిటీ, ఆర్టీసీ బస్సు మా గేటు దగ్గర ఆపడం లేదని దానికో కమిటీ. ప్రతి కమిటీకి ఒక అధ్యక్షురాలు, ఒక కార్యదర్శి, కొన్ని నియమాలు. ఆ నియమాలు చాలామటుకు నేను పెట్టించినవే. వయసు పంతొమ్మిది, అడ్డదిడ్డంగా వాదించి చివరికి నెగ్గడంలో ఉన్న మజా తప్ప ఇంకే మజా తెలియదు.

అప్పుడు కార్గిల్ యుద్ధం జరుగుతోంది. సెలవుల తర్వాత కాలేజీ తెరిచేసరికి పాఠాల మీద ఎవరికీ ధ్యాస లేదు. సాయంత్రమైతే అందరం వార్డెనమ్మ గదిలో టీవీ ముందు చేరేవాళ్ళం. మంచు కొండలు, ఫిరంగులు, జెండా కప్పిన పెట్టెలు. మేం పుట్టాక చూసిన మొదటి యుద్ధం అది. భయం కంటే ఉత్సాహమే ఎక్కువ అన్న సంగతి ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మా క్లాసులో ఒక్కతే టీవీ చూడటానికి వచ్చేది కాదు. రాజీ. వాళ్ళన్నయ్య ఆ కొండల్లోనే ఎక్కడో ఉన్నాడు. ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్ళకి తెలియదు. కబురు అంది చాలా రోజులైంది.

యుద్ధమొస్తే మేమేం చేస్తాం? ఇంకో కమిటీ వేశాం. జవాన్ల సంఘీభావ కమిటీ. ఆ ఆలోచన నాది, పేరు నాది, నియమాలు నావి. అధ్యక్షురాలి ఎన్నికలో చేతులెత్తమంటే మాత్రం ఎక్కువ చేతులు పద్మజకి లేచాయి. నన్ను కార్యదర్శిని చేశారు. పద్మజది మైలవరం వైపు, మామిడి తోటల వాళ్ళు. వాళ్ళింట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి. హాస్టల్లో ఉండేది. ఎందుకే దాన్ని ఎన్నుకున్నారు అని నా పక్కనున్న పిల్లని అడిగాను. అది ఎవరితోనూ గొడవ పడదుగా అంది. ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. గొడవ పడకపోవడం కూడా ఒక అర్హతేనా అని వారం రోజులు అందరినీ అడుగుతూ తిరిగాను, అంటే అందరితో గొడవ పడుతూ తిరిగాను.

ఆ కడుపుమంటలోనే ఒక నియమం పెట్టించాను. వేదిక మీద ఏది పెట్టినా, ఏది తీసినా అధ్యక్షురాలికి తెలిసే జరగాలి, జరిగినదానికి ఆమెదే పూచీ. పదవంటే ముందు వరసలో కూర్చోవడం కాదని పద్మజకి తెలిసిరావాలని నా ఉద్దేశం. అందరూ సరేనన్నారు. పద్మజ కూడా నవ్వుతూ సరేనంది. ఈ నియమాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

ఒక సభ పెట్టాలనుకున్నాం. మన రాష్ట్రం నుంచి వెళ్ళి చనిపోయిన నలుగురు జవాన్ల ఫోటోలకి నివాళి, తర్వాత రాజీ వాళ్ళమ్మకి సన్మానం. సన్మానం మాట పద్మజ అంది. పోయినవాళ్ళని తలచుకుంటాం సరే, ఇంకా అక్కడే ఉన్నవాళ్ళ తల్లి మన పక్కూళ్ళో ఉంటే ఒక చీర పెట్టి దండం పెట్టుకోవద్దా అంది. మంచి మాట. నాకు తట్టలేదు కాబట్టి బాగాలేదన్నాను. అయినా పద్మజ తనే రాజీతో వాళ్ళ ఊరెళ్ళి ఆవిణ్ణి పిలిచి వచ్చింది. ఆవిడ చాలాసేపు ఎందుకమ్మా, ఎందుకమ్మా అని అడిగిందట. రాజీ వాళ్ళన్నయ్య ఫోటో ఒకటి ఇచ్చింది, యూనిఫాంలో ఉన్నది. చక్కటి ముక్కు.

సభ రోజు పద్మజ తొలి బస్సుకి విజయవాడ వెళ్ళి వన్ టౌన్‌లో పూలు తెచ్చింది. నాలుగు చామంతి దండలు కావాలి. తెచ్చింది అయిదు. బేరమాడితే కొట్టతను రేటు తగ్గించనని, కొసరుగా ఇదొకటి తీసుకుపో తల్లీ అని ఒక చిన్న దండ పడేశాడట. హాల్లో ముగ్గులేస్తున్న పిల్లలందరూ నవ్వారు. ఇది పెళ్ళిచూపులకి వెళితే పెళ్ళికొడుకుతో పాటు కొసరుగా మరిదిని కూడా అడిగి తెచ్చుకుంటుందని ఒకతె అంది. పద్మజ అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తుచేసుకోవడం కష్టంగా ఉంది. దాని తర్వాత ఆమె నవ్వడం నేను చూడలేదు.

బల్ల మీద అయిదు ఫోటోలు పెట్టాం. నలుగురికి దండలు వేసి, ముందు దీపం, అగరొత్తులు. అయిదోది రాజీ వాళ్ళన్నయ్యది. పద్మజ దాన్ని బల్ల చివరికి జరిపి పక్కన గులాబీలు పెట్టింది. మిగిలిన దండని కుర్చీ వీపుకి వేలాడదీసింది.

మరి ఆ కుర్రాడికో అన్నాను. బతికున్న మనిషి ఫోటోకి దండేమిటే అని పద్మజ నావైపు వింతగా చూసింది. అంతే, నాకు చేతికి కర్ర దొరికినట్టయింది. మంత్రి వస్తే మెడలో గజమాల వేస్తాం, ఆయనేమైనా పోయాడా? ఫోటో అయితేనే వచ్చిందా చావు? డిగ్రీ చదువుతూ ఈ మూఢనమ్మకాలేమిటి? పోయినవాళ్ళకేనా గౌరవం, పోరాడుతున్నవాడికి నాలుగు పూలు కూడా దండగా? ఇలా అడుగుతూ పోయాను. నలుగురూ పని ఆపి వింటున్నారు. బాగా మాట్లాడుతున్నానని నాకే తెలుస్తోంది. పద్మజ అంతా విని ఒక్క మాట అంది.

"నీ నోటితో ఏదైనా నిజమేననిపిస్తావే. కానీ వాళ్ళమ్మ చూస్తే?"

చూశారా? తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు నాకు. ముందే చెప్పింది. నాకు అర్థమైంది కూడా. నలుగురూ మళ్ళీ ముగ్గుల్లోకి వంగారు, ఒకమ్మాయి పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది. ఆ నవ్వు. ఒక తల్లి ప్రాణాన్నీ ఆ నవ్వునీ పక్కపక్కన పెట్టి తూస్తే ఏది బరువు? ఇప్పుడు అడిగితే చిన్నపిల్లయినా చెబుతుంది. అప్పుడు నాకు ఆ నవ్వే బరువనిపించింది.

కాసేపటికి మైకువాడు వచ్చాడని, ప్రిన్సిపాల్ గారు పిలుస్తున్నారని ఒక్కొక్కరే బయటికి వెళ్ళారు. పద్మజ కూడా వెళ్ళింది. హాల్లో నేనొక్కదాన్నే మిగిలాను. కుర్చీ వీపు మీది దండ తీసి ఆ అయిదో ఫోటోకి వేశాను. గులాబీలు తీసి మిగతా వాటితో కలిపేశాను. ఫోటోని బల్ల చివర నుంచి వరసలోకి జరిపాను. జరపకపోయినా పోయేది. వరస కుదరాలి కదా అనిపించింది. పద్మజ లోపలికొచ్చి చూస్తుంది, అప్పటికి చీఫ్ గెస్ట్ వచ్చేసి ఉంటారు, తీయడానికి వీలుండదు, నేను నెగ్గుతాను. నా లెక్క అంతవరకే. అబద్ధం చెప్పడం లేదు, అంతకు మించి ఏ చెడూ కోరలేదు. అయితే మాత్రం? కోరకపోతే సరిపోతుందా? క్లాసులో ఇదే ప్రశ్న పిల్లలని అడిగి, సరిపోదని నేనే జవాబు చెబుతాను.

అప్పుడు ఒకావిడ లోపలికొచ్చింది. గళ్ళ నేతచీర, చేతిలో చిన్న సంచి. నేనప్పటికి రాజీ వాళ్ళమ్మని చూసి ఎరగను. ఎవరో పక్కూరి మనిషి, సభంటే చూసిపోదామని వచ్చిందనుకున్నాను. ఆవిడ బల్ల దగ్గరికి నడిచింది. ఒక్కొక్క ఫోటోనే చూస్తూ వచ్చింది. అయిదో దాని దగ్గర ఆగింది. దీపం వైపు, అగరొత్తుల వైపు చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఎప్పుడమ్మా?" అంది.

"పదకొండింటికండీ."

"పదకొండింటికా?"

"అవునండీ. మీరు కూర్చోండి. అందరూ వస్తున్నారు."

సభ గురించి అడుగుతోందనుకున్నాను. ఆ హాల్లో ఆ పొద్దున అందరూ అడుగుతున్నది అదే, ఎప్పుడు, ఎన్నింటికి అని. నా జవాబు నాలుక చివరే ఉంది. ఆవిడ ఏడవలేదు. సంచి మెల్లగా నేల మీద పెట్టి, చీర కొంగు నిండా కప్పుకుని, బల్ల అంచు పట్టుకుంది. ఆ చెయ్యి జారింది. పక్కకి ఒరిగిపోయింది. అప్పుడు చూశాను ముక్కు. ఫోటోలోని ముక్కే.

అప్పుడే చూశానా? ఇది నేను ఈ రోజుకీ తేల్చుకోలేను. జవాబు చెప్పేటప్పుడే లోపలెక్కడో తెలిసిందేమో, తెలిసీ నోరు ఆగలేదేమో అని అనుమానం. కొన్నాళ్ళు తెలియదని తీర్పు చెప్పుకుంటాను, కొన్నాళ్ళకి నేనే ఆ తీర్పు కొట్టేస్తాను. సాక్షి నేను, ముద్దాయి నేను, జడ్జి నేను. ఇంకెవరూ లేరు ఆ హాల్లో.

వాళ్ళమ్మని లోపలికి పంపి రాజీ సన్మానం చీర తీసుకురావడానికి ఆఫీసుకి వెళ్ళిందట. నా కేక విని పరిగెత్తుకొచ్చింది. ఫోటో చూసింది. దండ పీకి విసిరికొట్టి, అమ్మా అన్నయ్య బాగున్నాడే, బాగున్నాడే అని తల్లి చెవిలో అరిచింది. ఆవిడకి వినపడే స్థితి లేదు. ఎవరిదో కారులో విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బీపీ ఉన్న మనిషట, పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పడిపోయింది.

మాట పడిపోయిందని మా వార్డెనమ్మ వచ్చి చెప్పినప్పుడు అందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నాను. కానీ నాకు ముందు కలిగింది జాలి కాదు, భయం కాదు. గుండె తేలికపడింది. పదకొండింటికి అన్న మాట ఇక బయటికి రాదు. ఇది రాసి పది నిమిషాలు బాల్కనీలో నిలబడి వచ్చాను. చెరిపేద్దామనుకున్నాను. దండ వేసిన చేతిని ఎప్పటికైనా క్షమించుకోగలనేమో, ఆ క్షణాన తేలికపడిన గుండెని ఏం చేసుకోను?

మూడో రోజు కమిటీ తరఫున ఆసుపత్రికి వెళ్ళాం. పద్మజ లోపలికి రాలేదు. రాజీ వాళ్ళ చిన్నాన్న ఆమెను వార్డులోకి రానివ్వలేదు, బయట మెట్ల మీదే ఉండిపోయింది. అప్పటికే అందరి నోళ్ళలోనూ ఆమె పేరే నలుగుతోంది. అవసరం లేని అయిదో దండ తెచ్చింది ఎవరు? పద్మజ. కొసరని ఎవరికీ గుర్తులేదు, గుర్తున్నవాళ్ళు అనలేదు. నేను మంచం దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కళ్ళు నా మీద ఆగాయి. ఎడమ చెయ్యి కదిలింది. నోరు ఒక పక్కకి లాగుతుండగా చాలా కష్టపడి అంది.

"పద... పద..."

రాజీ గభాలున వంగింది. పద్మజ పేరే అంటోంది చూడవే అంది నాతో. వాళ్ళ చిన్నాన్న తల ఊపాడు. ఇంటికొచ్చి పిలిచింది పద్మజే కాబట్టి ఆ పేరు ఆవిడకి తెలుసు. ఎవరికీ అనుమానం రాలేదు. ఆవిడ అంటున్నది పద్మజ అని కాదు. పదకొండు అని. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరం. ఒకరికి మాట లేదు. ఇంకొకరికి కావలసినంత ఉంది. నేనూ తల ఊపాను.

ప్రిన్సిపాల్ గారి గదిలో విచారణ జరిగింది. రాజీ చిన్నాన్న, వార్డెనమ్మ, కమిటీ వాళ్ళం. ఆ దండ ఎవరు వేశారని అడిగారు ప్రిన్సిపాల్ గారు. పద్మజ తను వేయలేదంది. మరి ఎవరు? కార్యదర్శివి నువ్వు చెప్పు అన్నారు నాతో. నేను లేచి నిలబడ్డాను. పద్మజ వేసిందని అనలేదు. ఒట్టు, ఆ మాట అనలేదు. వేదిక మీద ఏం జరిగినా అధ్యక్షురాలికి తెలిసే జరగాలని, దానికి ఆమెదే పూచీ అని కమిటీ తీర్మానం చేసుకుంది సార్ అన్నాను. నిజమే కదా. అక్షరం అక్షరం నిజం. ఇంత నిజమైన అబద్ధం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

పద్మజ నావైపు తిరిగింది. సభ రోజు పొద్దున జరిగిన వాదన ఆమెకి గుర్తుంది. నాకు తెలుసు. మిగతా పిల్లలకీ గుర్తుంది. వాళ్ళు నేల చూపులు చూశారు. నా నోరంటే వాళ్ళకి భయం. ప్రిన్సిపాల్ గారు పద్మజని మళ్ళీ అడిగారు, నీకెవరి మీదైనా అనుమానముంటే చెప్పమ్మా అని.

"నేను చూళ్ళేదండీ. చూడందాని గురించి ఎలా చెబుతాను?"

అంతే అంది. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండాల్సింది. ఆమె నాకు దారి ఇచ్చింది. ఇచ్చిందో, అసలు ఆమె పద్ధతే అంతో. నేను కూర్చున్నాను.

పద్మజని కమిటీ నుంచి తీసేశారు. చిన్నాన్న అక్కడితో ఊరుకోలేదు. రోజూ గేటు దగ్గరికి మనుషులు రావడం, హాస్టలు ముందు నిలబడి తిట్టడం. వారం తిరక్కుండా పద్మజ వాళ్ళ నాన్న వచ్చి ఆమెను తీసుకెళ్ళాడు. ట్రంకు పెట్టె ఆటోలోకి ఎక్కిస్తుంటే మేం కిటికీల్లోంచి చూశాం. మళ్ళీ వస్తుందనుకున్నారు కొందరు. రాలేదు. ఆమె చదువు అక్కడితో ఆగిపోయింది. నన్ను కమిటీ అధ్యక్షురాలిని చేశారు. ఈసారి చేతులన్నీ లేచాయి.

రాజీ వాళ్ళన్నయ్య యుద్ధం ముగిశాక క్షేమంగా తిరిగొచ్చాడు. తల్లి ఎడమ చేత్తో అతని మొహమంతా తడిమిందట, చాలాసేపు, నమ్మనట్టు. ఆవిడ ఇంకా చాలా ఏళ్ళు బతికింది. మంచంలోనే. మాట తిరిగి రాలేదు. నేను వెళ్ళేదాన్ని. పళ్ళు తీసుకెళ్ళేదాన్ని, తల దువ్వేదాన్ని, రాజీ ఊరెళితే రాత్రులు ఉండేదాన్ని. కన్నకూతురు కూడా ఇంత చేయదని వాళ్ళ బంధువులు అనేవాళ్ళు. రాజీ ఏ సంగతైనా తన వాళ్ళకంటే నాకు ముందు చెబుతుంది. మా స్నేహం ఆ మంచం పక్కనే పెరిగింది. ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నానని అనుకునేదాన్ని. కాపలా కాస్తున్నానని ఇప్పుడనిపిస్తోంది. ఆవిడ ఎప్పుడైనా మాట్లాడితే పక్కన నేనుండాలని.

ఆవిడ చూపు నన్ను వదిలేది కాదు. కోపమా? గుర్తుపట్టిందా? లేక రోజూ వచ్చే పిల్ల కదా అని అభిమానమా? ఒక్కో రోజు ఒక్కో అర్థం చెప్పుకునేదాన్ని. ఒకసారి, అన్నం పెడుతుంటే, ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. గట్టిగానే పట్టుకుంది. అడుగుదామనుకున్నాను. చెప్పేద్దామనుకున్నాను, ఆవిడ ఎవరితో చెప్పగలదు కనుక? అయినా చెప్పలేదు. ఆవిడ పోయిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఇంకొన్నేళ్ళు గడిస్తే నేనూ పోతాను, లెక్క సరి. పిరికివాళ్ళ లెక్క. ఈ మధ్య సరిహద్దులో మళ్ళీ కాల్పులు మొదలైనప్పుడు మా కాలేజీ పిల్లలు వచ్చి, జవాన్ల కోసం కమిటీ వేస్తాం మేడమ్, మీరు కన్వీనరుగా ఉండండి అన్నారు. క్లాసుకి పోండి అని కసిరాను. వాళ్ళు బిత్తరపోయారు. దాన్ని కూడా దాటేశాను.

దాటలేనిది పోయిన నెల జరిగింది. రాజీ బ్యాంకులో పనిచేస్తుంది. కొన్నాళ్ళ కిందట మైలవరం బ్రాంచికి మార్చారు. ఆదివారం మా ఇంటికొచ్చి, కాఫీ గ్లాసు చేతిలో పెట్టకముందే మొదలుపెట్టింది. పద్మజ వాళ్ళ బ్యాంకుకి వచ్చిందట. జుట్టు సగం నెరిసిందట, పక్కన ఒక ముసలాయన, వాళ్ళ నాన్నే కావచ్చు. రాజీ గుర్తుపట్టింది. లైన్లో అందరూ వింటుండగా అడిగిందట, మా అమ్మని మాట లేకుండా చేసి నువ్వు హాయిగా తిరుగుతున్నావా అని. పద్మజ, మీ అన్నయ్య బాగున్నారా అని మాత్రం అడిగి, తండ్రిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళిపోయిందట.

"ఎంత పొగరో చూడవే," అంది రాజీ. "నేను అన్నదాంట్లో తప్పుందా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం వస్తుందా? నా ఇల్లు, నా సోఫా, ఎదురుగా రాజీ. నేనేమన్నానో తెలుసా?

"బాగా అడిగావు," అన్నాను.

పంతొమ్మిదేళ్ళప్పుడు చేసింది చిన్నతనం అనుకుందాం. ఇది? ఇది చేసింది పాఠాలు చెప్పే నలభై ఆరేళ్ళ మనిషి. రాజీ వెళ్ళాక కాఫీ గ్లాసులు కడిగాను. మళ్ళీ కడిగాను. అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేను. బస్టాండుకి రెండుసార్లు వెళ్ళాను. మైలవరం బస్సు కదిలిందాకా చూసి వెనక్కొచ్చాను. ఎక్కితే దిగాక ఏమనాలి? క్షమించమనా? ఆమె క్షమిస్తుందేమోనని నాకు భయం. పట్టుకుని తిడితే నయం.

మీకు చెప్పడం కూడా ఒక తప్పించుకోవడమేనని తెలుసు. మీరు రాజీ కాదు. కానీ పత్రికలో పాఠకులు తమ సంగతులు రాసుకునే ఈ పేజీని రాజీ వదలకుండా చదువుతుంది. చదివి, ఎవరో చేసిన పాపం గురించి నాకు ఫోన్ చేసి మరీ చెబుతుంది. అందుకే ఊళ్ళ పేర్లు మార్చలేదు, మనుషుల పేర్లు మార్చలేదు. నా పేరు ఒక్కటే రాయలేదు. ఆమెకి అక్కర్లేదు.

రాజీ, ఇంతవరకు చదివావంటే నీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా మెలికలు లేకుండా ఒకసారి రాస్తాను. ఆ దండ పద్మజ వేయలేదు. వేయొద్దని నాతో చెప్పింది. నేను వేశాను. మీ అమ్మ, కొడుకు పోయాడనుకుని, ఎప్పుడమ్మా అని అడిగితే పదకొండింటికని చెప్పింది నేను. ఆసుపత్రిలో ఆవిడ అన్నది పద్మజ పేరు కాదు, నేనన్న ఆ మాట. ఆవిడ చివరిదాకా నిజమే చెప్పబోయింది. మీరెవరూ వినలేదని నిన్ను అనను. వినకుండా చేసింది నేను.

ఈ నాలుగు మాటలు రాసేటప్పుడు కుర్చీలోంచి లేవలేదు. ఎందుకో తెలియదు, ఏమీ మారలేదు. పద్మజకి చదువు తిరిగి రాదు, మీ అమ్మకి మాట తిరిగి రాదు. నువ్వు నన్ను ఇక గుమ్మం తొక్కనివ్వకపోవచ్చు. తొక్కనివ్వు అని అడగను. ఒకటి మాత్రం అడుగుతాను. పద్మజ మళ్ళీ మీ బ్యాంకుకి వస్తే, లైన్లో అందరూ ఉండగానే ఆమెతో మాట్లాడు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పు, మీ అన్నయ్య బాగున్నాడని.

ఆ తర్వాత నా దగ్గరికి రావాలనిపిస్తే రా. ఏమనాలనిపిస్తే అది అను. ఇంట్లోనే ఉంటాను.